కొండ మీది చర్చి గోడను గీసిన సంగతి

అక్షరాలు నాకు నలభై ఆరో ఏట వచ్చాయి. తొంభైలలో మా ఊళ్లో పెద్దవాళ్లకు సాయంకాలపు బడి పెట్టారు. గీత అంతకుముందే చేతిలో ఉంది. తాపీ పని చేసేవాడికి గీత రాకపోతే గోడ లేవదు. రెండూ కలిశాక, పనికి ఏజెన్సీ ఊళ్లకు పోయినప్పుడల్లా పాత కట్టడాలను నోటు పుస్తకంలో గీసి, కింద రెండు ముక్కలు రాసేవాణ్ణి. అడ్డతీగల వైపు దొరల కాలపు బంగళా, అరకు దారిలో చిన్న చర్చిలు. అందం కోసం కాదు. ఎవడు ఎలా కట్టాడో చూద్దామని.

రెండువేలు దాటిన కొత్తలో గుమ్మలక్ష్మీపురం సంతకు వెళ్లి, అక్కణ్ణించి ఒక కొండ ఊరికి ఎక్కాను. దొరలు కట్టించిన రాతి చర్చి ఉందక్కడ. పెంకుల కప్పు, కమాను కిటికీలు, సున్నపు పూత. చూరు నుంచి కిటికీ దాకా గోడకు పొడవాటి పగులు. గీస్తుంటే ఒక ముసలామె వచ్చి నిలబడింది. చిన్నప్పుడు ఆ గోడలకు వాగులోంచి రాళ్లు మోసిందట.

"ఏటి తమ్ముడా, ఆ పగులు కూడా ఏసేత్తన్నావా?"

"ఉన్నది ఏత్తన్నానప్పా."

"నా మొకం ఏత్తే ముడతలు లెక్కెట్టి ఏత్తావేటి?"

"ఏత్తాను."

"నీ ఇంటిది ఎలాగ ఏగతందో!" అని నవ్వింది. తరువాత గొంతు తగ్గించింది. సంఘ పెద్దలు దీన్ని పడగొట్టి శ్లాబు చర్చి కట్టాలంటున్నారు. గోడ పాడైందని రుజువు చూపిస్తేగాని పట్నంలోని మిషను వాళ్లు ఒప్పుకోరట. "నాను పోయినాక ఏటైనా సేసుకోమను. నన్ను ఇందులోంచే మట్టికి తియ్యాల. ఆ పగులు ఎయ్యకుండా ఒగ్గీ, తమ్ముడా."

ఒగ్గలేదు. ఉన్నదాన్ని దాచడం నాకు చేతకాదన్నాను. పైగా పగులు దగ్గర బాణం గుర్తు వేసి, 'పెద్ద పగులు. గోడ కూలును' అని రాశాను. అంత రాయగలిగినందుకు లోపల గర్వం కూడా. ఇంతలో సంఘ పెద్ద వచ్చి చూశాడు. "మేస్త్రీ సేతిరాతే! ఇంకేటి కావాల?" అన్నాడు. కాగితం చింపి ఇచ్చాను. అర్జీకి జతచేసి పంపారు.

వానలు వెనకబట్టాక అనుమతి వచ్చింది. పడగొట్టడానికి నన్నే పిలిచారు. నేను చేరేసరికి కప్పు దించేశారు. పగులు దగ్గర సుత్తి వేస్తే పూత పెళ్లలుగా ఊడింది. వెనక రాయికి రాయి కరుచుకుని ఉంది. వెంట్రుక దూరే సందు లేదు. పగిలింది పూతే. గోడ సంగతి చెప్పేముందు తట్టి వినాలని మొన్న తాపీ పట్టినవాడికైనా తెలుసు. ఆ రోజు నేను పెన్సిలుతో వెళ్లాను, తట్టలేదు.

"గోడ బాగుంది. నాను తప్పు రాసినాను. పూత కొట్టీసి మళ్లీ పూసుకుందాం," అని సంఘ పెద్దతో అన్నాను.

"రాసిచ్చినోడివి నువ్వే. ఇప్పుడు కాదంటే పట్నంలో మాకు మొకమేటుంటాది? బేగి కానీ."

ముసలామె పూత ఊడిన చోట అరచెయ్యి ఆనించి నిలబడింది. "కళ్లతో సూసి రాసీసినావు. ఓపాలి ముట్టుకోనేకపోనావా?" అంది.

కప్పు ఎలాగూ మళ్లీ వెయ్యరు. ఎంత గట్టిదైనా, కప్పు లేని గోడను అలా వదిలేస్తే ఏదో ఒక వానలో మనుషుల మీద పడుతుంది. "పక్కకి రా అప్పా," అన్నాను. ఆమె వచ్చాక గడ్డపార అందుకున్నాను. ఆ గోడ పడడానికి ఆరు రోజులు పట్టింది.