చెలిమె తేటదని చూపించిన రోజు

డెబ్బై ఆరో సంవత్సరం, ఉగాది వెళ్లిన రెండో మంగళవారం, పొద్దున పదిన్నర గంటలకు మా వాగులోకి జీపు దిగింది. గంట సంగతి నా ఊహ కాదు. జీపులోంచి దిగిన పెద్ద సారు చేతి గడియారం చూసుకుని, "పదిన్నరయింది, ఎండ ముదరకముందే చూసేసి పోదాం" అన్నాడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు, గడియారం చూడడమూ రాదు. నలభై దాటాక వయోజనుల బడిలో కూర్చుని పలక పట్టినదాన్ని. ఇందులో ఒత్తులు తప్పితే తప్పుతాయి, జరిగింది మాత్రం తప్పదు.

మా ఊరు పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే రోడ్డుకు లోపలగా ఉంటుంది. పేరు రాయను. ఆ రోజుల్లో రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా జొన్న చేలే. రామచంద్రాపురం దిక్కున మాత్రం పెద్ద ఫ్యాక్టరీ లేచింది, దాని వెంబడి చిన్నవి ఒక్కొక్కటే మా వైపు జరుగుతూ వస్తున్నాయి. మా ఊరికి ఎగువన, వాగు గట్టున, మందుల కంపెనీ పెడతారని ఆ చలికాలం నుంచే మాట నడుస్తోంది. మందులంటే మాకు తెలిసింది జ్వరం గోలీ. గోలీ మంచిదే కదా, దాన్ని చేసే చోటు చెడ్డదెట్లా అవుతుంది అనుకున్నాం. పైగా ఇంటికొక నౌకరి ఇప్పిస్తానని సర్పంచ్ అన్నాడు. మా ఆయన ఆ మాట విన్న నాటి నుంచి నాగలిని సరిగా చూడడం మానేశాడు.

మా అత్తకు నౌకరీలతో పని లేదు. ఆమెకు ఉన్న భయం ఒక్కటే, నీళ్లు.

మా ఊరి బావి ఉప్పు బావి. ఆ నీళ్లలో పప్పు ఉడకదు, పాలు పోస్తే చాయ్ విరుగుతుంది. స్నానానికీ బర్రెలకూ పనికొస్తుంది, అంతే. తాగే నీళ్లు వాగువి. వాన వెళ్లిన తరువాత వాగు పైకి ఎండిపోతుంది కానీ ఇసుక అడుగున నీళ్లు ఉంటాయి. మోచేతి లోతు గుంట తవ్వితే ఊరుతాయి. ఆ గుంటనే చెలిమె అంటాం. ఇంటికొక చెలిమె. చెప్పులతో దాని దగ్గరికి పోకూడదు. తోడుకున్నాక పశువులు తొక్కకుండా మీద తుమ్మ కొమ్మ కప్పి రావాలి. మా చెలిమె మా అత్తకు వాళ్ల అత్త చూపించిన జాగా. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె నాకు ఇల్లు తరువాత చూపించింది, చెలిమె ముందు చూపించింది.

కంపెనీ పెడితే ఊరికి ఏం నష్టమో, మురికి నీళ్లు ఎటు పోతాయో చూడడానికి సర్కారు సార్లు వస్తున్నారని ఆదివారం కబురు వచ్చింది. సర్పంచ్ తన తమ్ముణ్ని, తమ్ముడి జీతగాణ్ని, ఇంకొందరిని పిలిచి వాగు సాఫు చేయమన్నాడు. జీపు అవతలి గట్టుకు పోవాలి, అక్కడ కంపెనీ జాగా ఉంది. చెలిమెల్లో చక్రం దిగితే ఎట్లా? తుమ్మ కంప గుచ్చుకుంటే ఎట్లా? కంప తీసేయాలి, గుంటలు పూడ్చేయాలి, మీద ఈత మట్టలు పరవాలి. పారతో మా చెలిమె మీదికి వచ్చినవాడు వేరే ఎవడో కాదు, మా ఆయనే.

మా అత్త అడ్డం కూర్చుంది.

"తాగే నీళ్లు పూడుస్తవా? నీకేమన్న పిచ్చి లేసిందా కొడుకా?"

"ఒక్క పూటనే అవ్వ. జీపు కూరుకపోతే ఊరి ఇజ్జత్ పోతది. సార్లు పోంగనే మళ్ల తోడిస్త."

"నీ అయ్య గూడ గట్లనే అన్నడు, వచ్చే ఏడు ఇల్లు కప్పిస్తనని. ఆయన పోయిండు, ఇల్లు గట్లనే ఉన్నది."

నవ్వు వచ్చినవాళ్లు నవ్వారు. సర్పంచ్ మాత్రం చేతులు జోడించాడు. "అక్కా, జెర సమజ్ చేసుకో. సార్లు గుంటలు చూస్తే గీ ఊరోళ్లు ఇసుకల నీళ్లు తాగే బీదోళ్లని రాసుకుంటరు. మనకేం మర్యాద?"

ఇదీ మా ఊరి తెలివి. ఇంటికి చుట్టం వస్తున్నాడంటే చిరుగుల బొంత దాచినట్టు మా నీళ్లను దాచాం. చూడవలసినవాడు రాకముందే చూడవలసినదాన్ని కప్పెట్టాం. మా అత్త ఇంట్లో ఉన్న కుండలన్నీ నింపుకుని లేచింది. నింపేదాకా మా ఆయన పార ఆనుకుని నిలబడ్డాడు.

మంగళవారం జీపు మట్టల మీద సాఫీగా దిగింది. పెద్ద సారు కోస్తా వైపు మాట మాట్లాడేవాడు. నెమ్మదైన మనిషి, అందరినీ 'అండీ' అనేవాడు. ఆయన వెంట చిన్న సారు, చెక్క పెట్టె నిండా సీసాలతో. డ్రైవర్ పటాన్‌చెరు తురకాయన. సర్పంచ్, అతని తమ్ముడు, జీతగాడు, మా ఆయన సార్ల చుట్టూ నిలబడితే, మా అత్తా నేనూ గట్టు మీద నిలబడ్డాం. మిగతా ఊరంతా కోతలకు పోయింది.

పెద్ద సారు జేబురుమాలు పైకెత్తి గాలి ఎటు వీస్తోందో చూశాడు. ఇళ్లు ఎంత దూరమని అడిగాడు. వాగు కిందికి ఏ చెరువులో పడుతుందని అడిగాడు. అన్నింటికీ సర్పంచే జవాబు.

"అయితే ఈ వాగు నీళ్లు ఎవరూ వాడరా?"

"ఎండకాలం చుక్క ఉండది సార్. చూస్తున్నరు కద, ఉత్త ఇసుక. వానకాలం వస్తది, పోతది."

"మరి తాగడానికి?"

"బాయి ఉన్నది సార్. పంచాయితి బాయి."

చిన్న సారు రాసుకున్నాడు. మా అత్త ఒక అడుగు ముందుకేసింది, మా ఆయన కళ్లతోనే వద్దన్నాడు.

అంతటితో అయిపోయేదే. కానీ వచ్చినవాళ్లకు నీళ్లియ్యకుండా ఎవరైనా పంపుతారా? "ఏమే పిల్లా, సార్లకు నీళ్లు తేపో" అని సర్పంచే నన్ను తరిమాడు. మా ఇల్లే వాగుకు దగ్గర. నేను పోయి కుండలోంచి రాగి చెంబు నింపుకొచ్చాను. ఉప్పు నీళ్లు అతిథి చేతికి ఇవ్వాలని నాకు తట్టలేదు, ఇచ్చి ఉంటే సర్పంచే నా మొహాన కొట్టేవాడు.

పెద్ద సారు తాగాడు. మళ్లీ దోసిలి పట్టాడు. "ఎంత తియ్యగా ఉన్నాయండీ! ఆ బావివేనా?"

"ఔ సార్, బాయియే."

"అయితే ఒక సీసా పట్టుకుందాం."

చిన్న సారు బావికి పోయాడు, నీళ్లు తోడాడు, పట్టే ముందు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. తిరిగొచ్చి, "సార్, ఆ బావి ఉప్పండీ" అన్నాడు.

డ్రైవర్ ఒక్కడే మీసం తుడుచుకుంటూ నవ్వాడు. "కమాల్ హై సాబ్, వింత ఊరు ఇది. మెహమాన్‌కు ఒక నీళ్లు, ఇంటోళ్లకు ఒక నీళ్లు. అమ్మా, మెహమాన్ నీళ్లే నాకు ఇంకో చెంబు తే."

అప్పుడు మా అత్త గట్టు దిగింది.

"వాగుల నీళ్లే సారు. మేం తాగేటియి అవ్వే. మీరు వస్తున్నరని నిన్న పూడ్చిన్రు."

"అవ్వ, ఊకో" అన్నాడు మా ఆయన.

"నువ్వు ఊకోరా. తాగిపిచ్చినంక దాసుడేంది?"

పెద్ద సారుకు కోపం రాలేదు. "చూపించండి పెద్దమ్మగారూ" అన్నాడు. చెప్పులు విడిచి ఆమె వెంట నడిచాడు కూడా. ఇసుకంతా ఒక్కటిగా ఉంది, ఏ గుర్తూ లేదు. మా అత్త ఒకచోట ఈత మట్ట పక్కకు లాగి మోకాళ్ల మీద కూర్చుంది. చేతులతో తోడింది. ముందు తెల్ల ఇసుక, తరువాత తడి ఇసుక, తరువాత నల్లది. అడుగున నీళ్లు చెమటలా పట్టి, కలిసి, కళ్లెదుటే గుంట నిండింది. మొదటి నీళ్లు కొబ్బరిచిప్పతో పారబోసింది. రెండోసారి ఊరినవి అద్దంలా ఉన్నాయి. సారు దోసిలి పట్టి తాగాడు. సీసా నింపించాడు.

మా అత్త మొహం చూడాలి అప్పుడు. గెలిచిన మొహం అది. ఇక వాగు నీళ్లు తాగే నీళ్లని రాయక తప్పదు, రాస్తే కంపెనీ మురికి ఇటు రాదు. నేనూ అదే అనుకున్నాను.

సారు ఇంకొక మాట అడిగాడు. "వానాకాలం వాగు బురదగా పారుతుంది కదా, అప్పుడు కూడా ఇంత తేటగా ఉంటాయా?"

నీళ్లు తేటగా ఉంటాయా అని మా అత్తను అడగడమంటే, నీ కొడుకు మంచివాడేనా అని తల్లిని అడగడమే. మనిషి ఆగలేదు.

"వాగెంత ఎర్రగొచ్చినా నా చెలిమ తేటనే సారు. పైన బర్లను కడుగుతరు, మైల బట్టలు ఉతుకుతరు. పోయినేడు గొర్రె సచ్చి పడి కుళ్లింది గూడ. ఒక్క మచ్చ రాలె, ఒక్క వాసన రాలె. ఇసుక అన్నీ ఆపుతది. ఎన్నొచ్చినా కడుపుల పెట్టుకుంటది."

పెద్ద సారు చిన్న సారు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు, దాచుకోనూ లేదు.

"విన్నావుగా. ఇంత మేర ఇసుక పరుపు ఉంటే ఇంక బెంగ ఏముంది? కంపెనీ నీళ్లు కాస్త పలచన చేసి ఎగువన వదిలితే, ఇక్కడికొచ్చేసరికి ఇసుకే వడకట్టేస్తుంది. ఊళ్లోవాళ్లే చెబుతున్నారు, రాసుకో."

మా అత్తకు ఆయన మాటలో సగం అందలేదు. నా వైపు చూసి, "ఏమంటున్నడే?" అంది. నా చేతిలో ఖాళీ చెంబు ఉంది. ఎండకు కాలిపోవలసిన రాగి నాకు చల్లగా తగిలింది.

"ఇసుక ఆపుతదని నువ్వన్నవు కద అత్తా, అయితే కంపెనీ నీళ్లు గూడ వాగులనే ఇడుస్తమంటున్నడు."

ఆమె లేచి నిలబడింది. మోకాళ్లకు తడి ఇసుక అంటుకుని ఉంది. "గట్ల కాదు సారు. నేనన్నది బురద సంగతి. బర్ల సంగతి."

"భయపడకండి పెద్దమ్మగారూ. మందుల నీళ్లే కదా, విషం కాదు. మీ ఇసుక ఆపుతుంది, మీరే అన్నారు."

"నాకు మీ మందుల సంగతేం ఎర్కనయ్యా? ఎర్క లేనిదానికి నేనెట్ల జామీను ఉంట?"

ఆయన నవ్వి నమస్కారం పెట్టాడు. ఎగతాళి నమస్కారం కాదది, ఆయన నిజంగానే మంచివాడు. నాకు ఇన్నేళ్లు మింగుడుపడనిది అదే. జీపు అవతలి గట్టెక్కి, కంపెనీ జాగా చూసుకుని, అటునుంచి అటే రోడ్డుకు పోయింది. సర్పంచ్ మా అత్త దగ్గరికి వచ్చి, "మంచి మాట చెప్పినవ్ అక్కా, నీతోనే పనైంది" అన్నాడు. ఆమె ఆయన మొహం చూడలేదు. చెలిమె మీద కప్పడానికి తుమ్మ కొమ్మ కోసం వెతుకుతోంది. సాఫు చేసినవాళ్లు కొమ్మలన్నీ కాల్చేశారు.

ఆ మీదట ఎగువ గట్టున గోడ లేచింది, గోడలోంచి గొట్టం వాగులోకి వంగింది. మా ఆయనకు నౌకరి దొరికింది, డ్రమ్ములు దొర్లించే పని. సాయంత్రం ఇంటికొస్తే ఒంటి నుంచి ముక్కు మండే వాసన. సబ్బుతో రుద్దినా పోయేది కాదు. పక్కన పడుకున్న నాకు తలనొప్పి. జీతం వస్తోంది కదా అని ఇద్దరం నోరెత్తలేదు.

ముందు బర్రెలు చెప్పాయి. వాగు దాకా పోయి, మూతి దించి, ఊపిరి వదిలి వెనక్కి మళ్లేవి. తరువాత వాగు అంచున ఉన్న గడ్డి నిలువునా తెల్లబడింది. గొట్టం కింద నురగ కట్టి, గాలికి ముక్కలు ముక్కలుగా తేలి వచ్చేది. మేం మాత్రం చెలిమె చూసుకుని ధైర్యం చెప్పుకున్నాం. చెలిమె నీళ్లు తేటగానే ఉన్నాయి. మా అత్త అన్నది అబద్ధం కాలేదు, బురదను ఇసుక ఆపింది, నురగను ఆపింది, రంగును కూడా ఆపింది. లోపల ఏం వదిలిందో కంటికి కనబడలేదు. నీళ్లు చెడితే రంగు మారుతుందని, పురుగు పడుతుందని పెద్దలు మాకు నేర్పారు. ఏమీ మారకుండా చెడే నీళ్ల సంగతి ఎవరూ నేర్పలేదు.

ఒక ఎండాకాలం పొద్దున ఇద్దరం కుండలతో పోయాం. మా అత్త తోడింది, మొదటి నీళ్లు పారబోసింది, రెండో నీళ్లు నోట్లో పోసుకుంది. మింగలేదు. చాలాసేపు అట్లాగే పట్టుకుని, పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"చేదా అత్తా?"

"చేదు కాదే."

"ఉప్పా?"

"ఉప్పయితే తాగుదుము. తేటనే ఉన్నది పిల్లా, కని ఇవి నీళ్లు కావు."

నన్ను తాగనీయలేదు. వంగి, రెండు చేతులతో ఇసుక లాగి చెలిమెను పూడ్చింది. మా ఆయన పూడ్చిన నాడు పారతో పైపైన పూడ్చాడు. ఆమె తొక్కి మరీ పూడ్చింది. కుండలు ఖాళీగా పెట్టుకుని బావికి నడిచాం. పోతూ పోతూ ఒక్కటే మాట అంది.

"వాళ్లు అడిగింది తేట సంగతే. ఇంకేదన్న అడిగితే నాకు ఎర్క లేదనే చెప్దును."

సర్పంచ్‌ను అడిగితే ఆ రోజు సార్ల ముందు తాను నోరే తెరవలేదన్నాడు. మా ఆయన తాను అసలు వాగులో లేనన్నాడు. వాగులో అడుగు పెట్టనివాళ్లు చాలామంది తరువాత తమకు ముందే తెలుసన్నారు. అందుకని ఉన్నవాళ్లను ఉన్నట్టు రాస్తున్నాను. ఆ మంగళవారం మా వాగులో ఉన్నది గాలి చూసిన పెద్ద సారు, సీసాలు మోసిన చిన్న సారు, జీపు తోలిన పటాన్‌చెరు డ్రైవర్, మా సర్పంచ్, ఈత మట్టలు పరిచిన సర్పంచ్ తమ్ముడు, అతని జీతగాడు, చెలిమె పూడ్చిన నా పెనిమిటి, చెలిమె తోడిన మా అత్త, చెంబు పట్టుకున్న నేను.