ఊపిరి పట్టి తీసిన కొలతలు

మా అక్క నర్సు. పెద్దాసుపత్రిలో జబ్బు ముదిరినవాళ్ల వార్డు ఆమెది. ఇంటికొచ్చినా ఆ వార్డు ఆమెను వదిలేది కాదు. అన్నం తింటుంటే గ్లాసు మోగినా, ఎవరో బెల్లు కొట్టినట్టు లేచి నిలబడేది. "కూర్చో తల్లీ, అది గ్లాసు!" అని కసిరేదాన్ని.

ఒక సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది.

"ఎన్నాళ్లనుంచో నేను చూసుకుంటున్న మామ్మ ఇవాళ పోయిందే. దుప్పటి మార్చాను. చేతులు కడుక్కున్నాను. వెళ్లి అన్నం తిన్నాను, మారు కూడా వడ్డించుకున్నాను. ఏడుపు రాలేదే! నేనసలు మనిషినేనా?"

పెళ్లిళ్లలో అప్పగింతలప్పుడు అందరికన్నా ముందు ఏడ్చే మనిషి మా అక్క. మర్నాడే పట్టుబట్టి సెలవు పెట్టించాను. "నా కుట్టు షాపుకు వచ్చి కూర్చో. గుడ్డలు మూలగవు. నచ్చితే అక్కడే ఉండిపో" అన్నాను.

ఉండిపోవాలా, వెనక్కి వెళ్లాలా అన్నది ఆమె తేల్చుకోలేకపోయింది. ఒకనాడు బడిలో పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెబుతానంటుంది. ఇంకోనాడు మొక్కలమ్ముతానంటుంది. "మొక్క వాడిపోతే దాని కొడుకులొచ్చి నా మీద అరవరు కదే" అంటుంది.

మధ్యాహ్నాలు మా షాపు వేరే లోకం. ఎండ నీలం తెరలోంచి వడకట్టినట్టు వచ్చి గదంతా పలచటి నీలమయ్యేది. మిషను చప్పుడు ఆగి ఆగి సాగేది. నూలు పోగులు కింద పడాలని తోచనట్టు గాలిలో తేలుతుండేవి. చేతిలో సూది సంగతి మరచి అక్క వాటినే చూస్తూ ఉండేది. నేను కదిలించేదాన్ని కాదు.

పని మాత్రం, అబ్బో! కొలతలు తీయమంటే ఒకావిడ మెడకు టేపు వేస్తూ, "చీమ కుట్టినట్టుంటుందమ్మా, అంతే" అంది. ఆవిడ ఎగిరి గంతేసింది. ఆపైన అందరికీ అదే పాట: "గట్టిగా ఊపిరి పీల్చండి, పట్టి ఉంచండి." ఊపిరి నిండిన ఛాతీకి టేపు చుట్టేది. ఆ వారం కుట్టిన చొక్కాలన్నీ బస్తాలయ్యాయి.

"అక్కా, ఇది ఎక్స్‌రే గది కాదే!" అని నెత్తీనోరూ బాదుకున్నాను.

అయ్యో అనుకుంటూ అక్క నవ్వింది. నవ్వు వచ్చింది కానీ ఏడుపు మాత్రం రాలేదు. అదే ఆమె భయం.

ఇక ఆ రోజుతో సెలవు అయిపోతుందనగా వాళ్ల హెడ్ నర్సు షాపుకొచ్చింది. మా అక్కను పీల్చి పిప్పి చేసిన మహాతల్లి ఈవిడే అని నా కసి. నాలుగు దులిపేయడానికి మాటలు నూరుకుని ఉన్నాను.

"వార్డులో మనుషులు చాలట్లేదమ్మా. రేపు వస్తావుగా?" అందావిడ.

"కూర్చోండి మేడమ్. ఈ కుట్టు పూర్తిచేసి మాట్లాడతాను."

అక్క కుట్టు ముగించి తలెత్తేసరికి ఆవిడ గోడకు తల ఆనించి నిద్రపోతోంది. నోరు కాస్త తెరుచుకుంది. చప్పుడు ఆగితే మెలకువ వచ్చేస్తుందేమోనని అక్క గుడ్డ తీసేసి ఖాళీ మిషనునే మెల్లగా తొక్కుతూ కూర్చుంది. తొక్కుతూ తొక్కుతూ ఏడ్చింది. చప్పుడు లేకుండా, ముక్కు కారేదాకా ఏడ్చింది. నేను నూరుకున్న మాటలు ఒక్కటీ పైకి రాలేదు. నాకూ కళ్లు తడిశాయి.

నేల మీది వెలుగు గోడ ఎక్కాక ఆవిడ కళ్లు తెరిచింది.

"నేను రాను మేడమ్" అంది అక్క. "ఏమన్నా అనుకోండి. నాకు మళ్లీ ఏడుపొచ్చింది. దాన్ని పోగొట్టుకోలేను."

ఆవిడ కోప్పడలేదు. సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లి, నావైపు తిరిగింది.

"మీ దగ్గర ఇంకో మిషను ఖాళీ ఉందా అమ్మా?"

తమాషాకి అంటోందనుకుని నవ్వబోయాను. ఆవిడ జవాబు కోసం నిలబడే ఉంది.