మూడుసార్లు ఏరిన బియ్యం

పోయిన వారం ఆఫీసువాళ్లమంతా అద్లియాలో ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నప్పుడు, మా పక్క సీటాయన ఫోనులో ఏదో చదివి వినిపించాడు. పూర్వం యూదులు మాంసాన్నీ పాలనీ ఎందుకు కలిపి తినేవారు కాదు, పంది మాంసం ఎందుకు ముట్టలేదు అని. ఎడారి ఎండకి చెడిపోతుందనీ, రోగాలొస్తాయనీ కారణాలన్నీ చదివి, అదంతా ఆ కాలపు ఆరోగ్యశాఖేనని తేల్చేశాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. మనసు మాత్రం పన్నెండేళ్లు వెనక్కి, మహూజ్‌లో మా ఎదుటి ఫ్లాట్ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ ఫ్లాట్లో ఒక యూదు ఆంటీ ఒంటరిగా ఉండేది. ఈ గల్ఫు దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి. తండ్రి బొంబాయితో బట్టల వ్యాపారం చేసిన పుణ్యమా అని హిందీ చక్కగా వచ్చు. ఆవిడ వంటింట్లో అల్మారాలు రెండు, పాల గిన్నెలకొకటి, మాంసం గిన్నెలకొకటి. వాళ్ల పద్ధతిలో కోసిన మాంసం ఇక్కడ దొరక్క రెండో అల్మారా ఏడాదిలో ముప్పాతిక భాగం మూసే ఉండేది. అయినా అందులోంచి గిన్నె తీసి పాలు కాచిన పాపాన పోలేదు. చేపకి పొలుసుందో లేదో గోటితో గీకి చూసిగాని కొనదు. కొత్తిమీర ఆకాకూ కిటికీ వెలుగులో పట్టుకుని, పురుగు లేదని తేలాకే తరుగుతుంది. మడీ ఆచారాల మధ్య పెరిగిన నాకే ఆవిడ ముందు తల తిరిగేది.

ఆ ఏడాది నా పురిటికని మా అత్తగారు వచ్చారు. ఇంట్లో మడి కట్టుకుని వండింది తప్ప ముట్టరు. విమానంలో మంచినీళ్లు కూడా తాగకుండా దిగిన మనిషి. కాన్పు కష్టమై నేను ఆస్పత్రిలో ఉండిపోయాను. మావారికి హిద్‌లో షిప్‌యార్డు డ్యూటీ, అక్కణ్ణుంచి ఆస్పత్రి, మధ్యలో ఇల్లు. సరిగ్గా అప్పుడే అత్తగారికి జ్వరం తగిలింది. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేదు, కొడుకు వండుతానంటే మైలబట్టలని వద్దన్నారు. రెండు రోజులు ఉత్త నీళ్లతో గడిపారు. మూడో రోజుకి లేచి కూర్చోలేకపోతుంటే, మావారు దిక్కుతోచక వెళ్లి ఆంటీతో చెప్పుకున్నారు.

ఆ తర్వాత జరిగింది అత్తగారే నాకు చెప్పారు. ఆంటీ తలారా స్నానం చేసి, తడి జుట్టుతో, ధర కాగితం ఇంకా ఊడని కొత్త గిన్నె పట్టుకుని వచ్చిందట. తిన్నగా వంటింట్లోకి పోకుండా గుమ్మంలో ఆగి, రావచ్చా అని సైగ చేసిందట. అత్తగారు తలూపాక, బియ్యం పళ్లెంలో పోసుకుని మంచానికెదురుగా కూర్చుని ఏరింది. ఏరినవే మళ్లీ ఏరింది. ఆ తర్వాత మూడోసారి.

"మూడోసారి కూడా గింజ గింజా చూసింది అమ్మాయ్. ఇహ నేనెవర్ని వద్దనడానికి?" అన్నారు అత్తగారు.

ఆ బియ్యంతో కాచిన జావ ఆవిడ తాగారు. డెబ్బై ఏళ్ల జీవితంలో పరాయి చేతి వంట అదే మొదటిసారి.

పాపతో ఇంటికొచ్చాక ఒక సాయంత్రం, అత్తగారి ముందే ఆంటీని అడిగాను, ఈ నియమాలన్నీ ఎందుకని.

"ఆరోగ్యం కోసమని మా నాన్న అనేవాడు. తల్లి పాలలోనే మేకపిల్లని ఉడికించే కాఠిన్యం మనకి రాకూడదని మా అమ్మ. పరాయివాళ్లలో కలిసిపోకుండా అని మా గురువు. చాలావాటికి అసలు కారణమే రాయలేదు బేటీ. ఆకలేసినప్పుడు ఒక్క క్షణం ఆగమన్నారు. ఆగుతున్నాం."

అత్తగారికి తెలుగులో చెప్పాను. ఆవిడ, "మా అత్తగారు నాకు ఆ మాత్రం కూడా చెప్పలేదు" అన్నారు. ఆ మాట హిందీలో చెబితే ఆంటీ పకపకా నవ్వింది. ఇద్దరూ పళ్లెం మధ్యన పెట్టుకుని పప్పు ఏరడం మొదలుపెట్టారు. ఒకరి భాష ఒకరికి రాదు, వేళ్లు మాత్రం ఒక్కలాగే కదులుతున్నాయి. ఆ వేళ్ల వెనక ఎన్ని వందల తరాల ఆడవాళ్లు ఇలాగే వెలుగుకి తిరిగి కూర్చుని ఉంటారో అనుకున్నాను.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. కోటల్నీ రాజ్యాల్నీ ఇసుకలో కలిపేసిన కాలం, అన్నం ముందు మనిషి ఆగే ఆ ఒక్క క్షణాన్ని మాత్రం వేల ఏళ్లుగా ఎందుకు ముట్టుకోలేకపోయిందో నాకు ఈనాటికీ అంతుపట్టదు.