బిస్కెట్ డబ్బాలో మాత్రలు

మా ఇంట్లో ఏదీ పారేయరు. నేతవాళ్ల ఇల్లు కదా, తెగిన పోగుని కూడా ముడివేసి కలుపుకుంటారు. మందులూ అంతే. జ్వరానికి తెచ్చిన మాత్రల్లో ఒకటో రెండో వేసుకుని, ఒళ్లు చల్లబడగానే మిగతావి మా అత్తయ్య బిస్కెట్ డబ్బాలో దాచేది. జ్వరం దిగాక కూడా మందు మింగితే వేడి చేస్తుందని ఆవిడ సిద్ధాంతం. మళ్లీ ఎవరి ఒళ్లు కాలినా ఆ డబ్బాయే ఆసుపత్రి. మా ఇంటికే కాదు, మగ్గాలున్న మా వీధంతటికీ. మా ఆయన మాత్ర వేసుకుని, కాసేపు నడుం వాల్చి, మళ్లీ గుంటమగ్గంలోకి దిగేవారు. మగ్గం ఆగితే ఆయనకు ఊపిరాడేది కాదు.

అలాంటి ఆయనకు పేగుకి చిల్లు పడింది. పామర్రులో చూసిన డాక్టరు తన వల్ల కాదంటే విజయవాడ తీసుకొచ్చాం. బెంజ్ సర్కిల్ దగ్గర పెద్ద ఆసుపత్రి. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. తర్వాత చలిజ్వరం పట్టుకుంది, బీపీ పడిపోయింది, ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందని, ఏ క్రిమో తెలియడానికి రక్తం ల్యాబుకు పంపామని చెప్పారు.

కింద హాల్లో చాపలు పరుచుకున్న కుటుంబాల మధ్య మేమూ ఓ చాప పరిచాం. నాకు ఏడుపు రాలేదు. ఇడ్లీ తెస్తే తిన్నాను, పిలిస్తే లేచాను. పక్క చాపావిడ, "ఏడవండమ్మా, తేలికవుతుంది" అంది. చిరాకేసింది. తిప్పితే రావడానికి ఏడుపేమన్నా కుళాయా?

రిపోర్ట్ వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. నాకన్నా చిన్నది, కళ్ల కింద నిద్రలేని చారలు.

"మామూలుగా వాడే యాంటీబయాటిక్స్ ఏవీ ఈ క్రిమి మీద పనిచెయ్యట్లేదండీ. ఒక్క మందే మిగిలింది. అది కిడ్నీలను దెబ్బతీయొచ్చు. అయినా ఇవ్వక తప్పదు."

"మావాడికి మందులు అలవాటు లేవు డాక్టరుగారూ," అంది అత్తయ్య. "ఎప్పుడన్నా ఒకటో రెండో, అంతే."

"అలవాటు పడేది మనిషి కాదండీ, క్రిమి. అయినదానికీ కానిదానికీ వాడేస్తుంటే మందుకి లొంగనివే మిగిలి పెరుగుతాయి."

నేను డబ్బా సంగతి చెప్పి, "అయితే దాని వల్లేనా?" అని అడిగాను.

"అలా చెప్పలేమండీ. ఇలాంటి క్రిములు ఆసుపత్రుల్లోనూ ఉంటాయి. మీ ఆయనకి ఎక్కడ పట్టిందో ఎవరూ చెప్పలేరు."

తిట్టుకోవడానికి కూడా ఒక మనిషి దొరకలేదు నాకు.

ఆ మందు ఎక్కించడం మొదలుపెట్టాక జ్వరం దిగింది. నీలం గౌను తొడుక్కుని లోపలికి వెళ్లి, అత్తయ్య కొడుకు నుదురు ముట్టుకుని చూసి, బయటికి రాగానే డాక్టరమ్మ దారికి అడ్డం నిలబడింది. "చల్లబడిందండీ. ఇంక ఆపెయ్యండి, వేడి చేస్తుంది." డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చాను. 

ఆ తర్వాత మంచానికి వేలాడే మూత్రం సంచీ చూడటమే నా పని అయింది. రోజురోజుకీ అడుగున ఉన్నది కాస్తా తగ్గిపోయింది. మందు ఆపితే క్రిమి, ఆపకపోతే కిడ్నీలు; ముందు నుయ్యి, వెనుక గొయ్యి. డయాలసిస్ పెట్టారు. జ్వరం మళ్లీ వచ్చింది. ఒకరోజు పొద్దున డాక్టరమ్మ తనే కిందికి వచ్చి మా చాప పక్కన కూర్చుంది. ఆవిడ నోరు తెరవకముందే నేను చాప చుట్టడం మొదలుపెట్టాను.

బందరు రోడ్డు మీద అంబులెన్సులో ఆయన పక్కన కూర్చుని, ఉయ్యూరులో ట్రాఫిక్ ఎప్పుడు తగ్గుతుందా అని ఆలోచించాను. అంతకుమించి ఏమీ తోచలేదు.

పెద్దకర్మ అయ్యాక వెనకింటి ఆవిడ వచ్చింది. "పిన్నిగారూ, మా ఆయనకి రాత్రినుంచి ఒళ్లు కాలిపోతోందండి. డబ్బాలో ఏమన్నా ఉన్నాయా?"

అత్తయ్య మామూలుగా లేచి, డబ్బా దించి, సగం మిగిలిన మాత్రల షీటు ఆవిడ చేతిలో పెట్టింది. నేను వెళ్లి ఆ చేతిలోంచి లాక్కున్నాను.

"ఆటో పిలుస్తాను. పామర్రు తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి."

ఆవిడ బిత్తరపోయి వెళ్లిపోయింది. డబ్బా తీసుకుని పెరట్లోకి నడిచాను. కాలవలో పారబోద్దామంటే ఆ నీళ్లు ఊరంతా వాడేవే. ఎక్కడ పారేయాలో తెలియక డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో ఒక వస్తువు పారేయడం నాకూ అలవాటు లేదు.

అత్తయ్య నా వెనకే వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. నెమ్మదిగా అంది: "అమ్మాయ్, ఇవి వేసుకునేగా వాడు ప్రతిసారీ లేచి మగ్గంలోకి దిగింది?"

నిజమే. ప్రతిసారీ లేచారు. డబ్బా పట్టుకునే అరుగు మీద కూలబడ్డాను. ఏడుపు అప్పుడొచ్చింది.