కడపన్న గుండె విన్న ఆదివారం

మొన్న మంగళవారం పొద్దున రౌండ్స్‌లో మా స్టూడెంట్ ఒకమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. నేనుండే డార్విన్ ఊళ్ళో వానాకాలం మొదలై అప్పటికి వారమైంది. వార్డు కిటికీ అద్దాలకు బయటివైపు చెమట పట్టింది. లోపలేమో ఏసీ చలికి పేషెంట్లందరూ మెడదాకా దుప్పట్లు కప్పుకొని ఉన్నారు. ఆ అమ్మాయి జేబులోంచి ఫోనుకు తగిలించుకునే చిన్న స్కానింగ్ యంత్రం తీసి, ఒక కుర్రవాడి గుండె కవాటాలు తెరచుకోవడం, మూసుకోవడం తెర మీద చూపించి, నా మెడలోని స్టెతస్కోపు వైపు మర్యాదగానే చూస్తూ, ఇక దాని అవసరం ఏముంది డాక్టర్ అంది. నేనేదో జవాబు చెప్పాను. పెద్ద డాక్టర్లు చెప్పే జవాబే, కాస్త పొడుగ్గా, కాస్త గంభీరంగా. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒంటరిగా కూర్చున్నాక గానీ అసలు జవాబు గుర్తుకు రాలేదు. అది సిడ్నీ శివార్లలోని పారమట్టాలో, లిఫ్టు లేని ఒక పాత ఫ్లాట్ల బిల్డింగులో, మూడో అంతస్తులో ఉంది.

అప్పుడు నేను మెడిసిన్ నాలుగో ఏడాదిలో ఉన్నాను. ప్రపంచమంతా వైటూకే అని కలవరపడుతున్న రోజులు. కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలే రాసిపెట్టారట, తొంభై తొమ్మిది దాటగానే వాటికి మతి పోతుందట, బ్యాంకులు ఆగిపోతాయట, విమానాలు దిగలేవట. ఆ రెండంకెలు సరిచేసే పని పుణ్యమా అని మన ఊళ్ళనుంచి కుర్రవాళ్ళు గుంపులు గుంపులుగా సిడ్నీలో దిగారు. మా ఎదురు ఫ్లాట్‌లో ముగ్గురుండేవారు. వాళ్ళలో పెద్దవాడు కడప నుంచి వచ్చాడు కాబట్టి మాకు కడపన్న. మా ఫ్లాట్‌లో నేనూ, హైదరాబాద్ మలక్‌పేట నుంచి ఫార్మసీలో పీజీ చేయడానికి వచ్చిన ఆపా ఉండేవాళ్ళం. ఆమె నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఫోనులో చెల్లెళ్ళు ఆపా, అంటే అక్కా, అని పిలవడం విని విని నాకూ ఆమె ఆపాయే అయింది. మేం ఇద్దరం తాలింపు వేస్తే పొగ అలారం మోగేది. ఎదురు ఫ్లాట్‌లోంచి చిన్నవాళ్ళిద్దరూ తువ్వాళ్ళు పట్టుకొని పరుగెత్తుకొచ్చి పొగ పోయేలా దాని కింద విసిరేవాళ్ళు. మా పరిచయం మొదలైంది అలాగే. కడపన్న మాత్రం పరుగెత్తేవాడు కాదు. నింపాదిగా వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, ఆవాలు మాడ్చినారా?" అని అడిగేవాడు.

చదువు సంగతి చెప్పాలి. తెనాలిలో ఫస్టు వచ్చిన దాన్ని, ఇంగ్లీషు మీడియం దాన్ని, నాకేం తక్కువ అనుకుంటూ దిగాను. మొదటి వార్డులో మొదటి పేషెంట్, ఒక లారీ డ్రైవరు, "ఐ ఫీల్ క్రూక్" అన్నాడు. నాకు తెలిసిన ఇంగ్లీషులో ఆ మాటకు దొంగ అని అర్థం. ఈ పెద్దమనిషి ఏ నేరం చేశాడో, నాకెందుకు ఒప్పుకుంటున్నాడో తెలియక, పరవాలేదండీ, అది పోలీసులకు చెప్పుకోండి అన్నంత పని చేశాను. ఒంట్లో బాగాలేదనడానికి ఇక్కడ అలా అంటారని పక్కనున్న నర్సు చెప్పి, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆర్వో అంటే మధ్యాహ్నమనీ, బార్బీ అంటే బొమ్మ కాదు, పెరట్లో మాంసం కాల్చుకు తినే విందనీ అలాగే నేర్చుకున్నాను. అర్థం కాని చోట తల ఊపడం, తెలియని చోట పుస్తకంలోది గడగడా అప్పజెప్పడం కూడా అలవాటు చేసుకున్నాను. మాటలు నేర్చుకోవడం, తల ఊపడం నాకు మేలు చేశాయి. అప్పజెప్పడం ముంచింది.

ఆ జూలైలో క్లినికల్ పరీక్ష. ఎగ్జామినర్ గుండె డాక్టరు, బో టై కట్టుకునే తెల్లజుట్టు పెద్దాయన. మంచం మీద ఒక ముసలావిడ. నేను స్టెతస్కోపు పెట్టాను గానీ, నా గుండె కొట్టుకోవడం తప్ప నాకేమీ వినబడలేదు. ఆ వయసు వాళ్ళకు సాధారణంగా ఉండే మర్మర్, అంటే గుండెలో వినబడే అదనపు చప్పుడు, ఒకటి పుస్తకంలో చదివి ఉన్నాను. దాన్నే, అది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడిదాకా పాకుతుందో, ఊపిరి తిప్పుకోకుండా వర్ణించేశాను. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. ఆవిడ గుండెలో ఏ దోషమూ లేదట. ఆయన కోప్పడలేదు. "నువ్వు విన్నది చెప్పలేదు. వినాలనుకున్నది చెప్పావు" అని మాత్రం అన్నాడు. ఫెయిల్. ఎనిమిది వారాల్లో మరొక అవకాశం ఉంది. అదీ పోతే ఏడాది మొత్తం పోతుంది, వీసా కూడా దాంతో పాటే చిక్కులో పడుతుంది.

ఇంటికి చెప్పలేదు. ఎలా చెప్పను? మా నాన్నకు తెనాలిలో ఫోటో స్టూడియో ఉంది. నేను తెల్ల కోటులో తీయించుకొని పంపిన ఫోటోను ఆయన నిలువెత్తు చేయించి, షోకేసులో పెళ్ళికూతుళ్ళ ఫోటోల మధ్య పెట్టారు. దారినపోయేవాళ్ళు మీ అమ్మాయి పెళ్ళెప్పుడు అని అడుగుతున్నారని అమ్మ ఫోనులో గొణిగింది. ఆపాకు మాత్రం చెప్పి ఏడ్చాను. ఆమె ఏడవనిచ్చింది. తర్వాత, "అయితే ఇప్పుడేంది? చెవులు పని చేస్తలేవు, అంతే కదా. చెవులకు పని చెప్పు" అంది. నాకు పేషెంట్లు ఎక్కణ్ణుంచి వస్తారన్నాను. ఆపా తలుపు తీసి ఎదురు ఫ్లాట్ వైపు వేలు చూపించింది. "ఆదివారం వాళ్ళకేం పని? తిని పండుకుంటరు. ఆ పండుకునేదేదో మన సోఫా మీద పండుకోమను."

అలా మొదలైంది మా ఆదివారం ఆసుపత్రి. ఆపా బగారా అన్నం, దాల్చా చేసేది. తిన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు సోఫా మీద పడుకోవాలి. నేను విన్నదే కాగితం మీద రాయాలి, వినబడకపోతే వినబడలేదని రాయాలి. అది ఆపా పెట్టిన షరతు. ఒకడికి చక్కిలిగింతలు, చెయ్యి ఆనకముందే నవ్వేవాడు. ఇంకొకడు ఉత్సాహంగా, మూలుగుతూ రోగిలా నటించేవాడు. వరసగా నాలుగు వారాలు ఆ ఇద్దరి ఆరోగ్యమైన గుండెలే విన్నాను. బాగున్న గుండె ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. కడపన్న ప్రతిసారీ ఏదో సాకు చెప్పి గిన్నెలు తోమడానికి పోయేవాడు. "బ్యాంకు కంప్యూటర్లతో మాదీ ఇదే పనిలేమ్మా. బాగుండేదాన్నే మళ్ళా మళ్ళా చూసేది. నన్ను చూసి ఏం నేర్చుకుంటావ్?" అనేవాడు.

అయిదో ఆదివారం ఆపా ఆయన చేతిలోంచి గిన్నె లాక్కుంది. ఆయన సిగ్గుపడుతూ చొక్కా విప్పి పడుకున్నాడు. నేను స్టెతస్కోపు ఆనించాను. మొదటి చప్పుడే తేడాగా ఉంది. మిగతా ఇద్దరిలో మెత్తగా తలుపు వేసినట్టుండే శబ్దం, ఇక్కడ ఎవరో గట్టిగా దబ్బున మూసినట్టుంది. ఎడమవైపు తిరగమన్నాను. ఊపిరి బయటికి వదిలి ఆపమన్నాను. రెండు చప్పుళ్ళ మధ్య, నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట, చాలా దూరాన గూడ్సు బండి వంతెన మీద పోతున్నట్టు ఒక చిన్న గుడగుడ. ఆ పెద్దాయన మాట చెవిలో మోగింది. ఇదీ నేను వినాలనుకున్నదేనా? టీవీ కట్టేయమన్నాను. ఫ్రిజ్ కూడా ఆపమన్నాను. మిగతా ఇద్దరినీ మళ్ళీ పడుకోబెట్టి విన్నాను. లేదు. కడపన్నను మళ్ళీ విన్నాను. ఉంది. గదిలో ఎవరూ నవ్వడం లేదు.

"అన్నా, చిన్నప్పుడు కీళ్ళవాపు, జ్వరం ఏమైనా వచ్చాయా?"

"పదకొండేళ్ళప్పుడు మోకాళ్ళు వాచినాయి. నెల రోజులు బడికి పోలే. మాయమ్మ కాపడం పెట్టింది. ఏంటికమ్మా?"

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

ఆయన లేచి కూర్చొని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "కూచుని చేసే ఉద్యోగం కదమ్మా. ఒళ్ళు అలవాటు తప్పింది" అన్నాడు. నాకు భయమేసిందని ఆయనకు తెలిసిపోయింది. ఆయన భయం మాత్రం వేరే. తనను తీసుకొచ్చిన కంపెనీకి జబ్బు సంగతి తెలిస్తే పంపించేస్తారని. ఆ డిసెంబర్ ఆఖరి రోజు ఆఫీసులో ఉండాల్సిన వాళ్ళ జాబితాలో ఆయన పేరే మొదట ఉంది. "ఆ తేదీ దాటనీమ్మా. లోకమంతా బాగుంటే నేనూ బాగుంటా" అన్నాడు. అప్పుడు ఆపా తిట్టింది. అంత ప్రేమగా తిట్టే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. "బ్యాంకు కంప్యూటర్‌కు వందసార్లు టెస్టింగ్ చేస్తవ్. నీ గుండెకు ఒక్కసారి చేపియ్యవా? ఏం మనిషివయ్యా నువ్వు? రేపు ఆ పిల్ల ఎవరి దగ్గరికి పొమ్మంటే వాళ్ళ దగ్గరికి పో. లేకుంటే ఇంకోసారి నా చేతి అన్నం తినకు!" ఆయన తల వంచుకొని సరేనన్నాడు. బగారా అన్నానికి ఒప్పుకున్నాడో, ఆ తిట్లకు ఒప్పుకున్నాడో నాకు తెలియదు.

ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలి? నాకు తెలిసిన గుండె డాక్టరు ఒక్కడే, నన్ను ఫెయిల్ చేసిన ఆ పెద్దాయన. సోమవారం ఆయన గది బయట గంటన్నర నిలబడ్డాను. లోపలికి వెళ్ళి, ఎదురు ఫ్లాట్ అన్నయ్య గుండెలో ఏదో విన్నానని చెప్పాను. మళ్ళీనా అన్నట్టు చూస్తాడేమో అనుకున్నాను. ఆయన డైరీ తిరగేసి, గురువారం మధ్యాహ్నం తీసుకురా అన్నాడు, అంతే. గురువారం కడపన్న ఇస్త్రీ చొక్కా వేసుకొని, ఇంటర్వ్యూకు వచ్చినట్టు వచ్చాడు. పెద్దాయన కళ్ళు మూసుకొని విన్నాడు, చాలాసేపు. తర్వాత నావైపు తిరిగి, ఏం విన్నావో చెప్పు అన్నాడు. విన్నది విన్నట్టు చెప్పాను. పెద్దగా మొదటి చప్పుడు, తర్వాత ఆ గుడగుడ. "ఈ రెండింటి మధ్య చిన్నగా టిక్కుమనే శబ్దం ఒకటి ఉంటుందని పుస్తకంలో ఉంది. అది నాకు వినబడలేదు" అన్నాను. ఆయన స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ, "నాకూ వినబడలేదు" అన్నాడు.

నా జీవితంలో ఆ తర్వాత పట్టాలు వచ్చాయి, పదవులు వచ్చాయి, పేరు ముందూ వెనకా అక్షరాలు చేరాయి. ఆ రెండు ముక్కలతో సమానమైన మెచ్చుకోలు మాత్రం మరొకటి రాలేదు.

స్కానింగ్‌లో చిన్నప్పటి ఆ కీళ్ళజ్వరం వల్ల కవాటం బాగా ఇరుకైపోయిందని తేలింది. ఇంకో ఏడాది ఇలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో పెద్దాయన కడపన్నకు చెప్పలేదు, నాకు చెప్పాడు. అక్టోబర్‌లో తొడ దగ్గరి రక్తనాళం గుండా చిన్న బెలూన్ పంపి దాన్ని వెడల్పు చేశారు. కడపన్న అంత భయపడిన ఆఫీసులో ఏం జరిగిందంటే, ఆయన మేనేజరమ్మ ఒక గుత్తి పూలు, తిరిగి వచ్చాక మెట్లెక్కే పని లేకుండా కింది అంతస్తులో ఒక కుర్చీ ఇచ్చింది. జనవరి ఒకటో తారీకు పొద్దున్నే, ఆఫీసు నుంచి నేరుగా మా గుమ్మంలోకి వచ్చి, "ఏం కాలేదమ్మా! అన్నీ నడుస్తాండాయి" అన్నాడు. బ్యాంకుల గురించే అన్నాడనుకుంటాను.

నా పరీక్ష అంతకుముందే, సెప్టెంబర్‌లో అయిపోయింది. వేరే ఎగ్జామినర్లు, వేరే పేషెంట్లు. వినబడనిది వినబడలేదని రెండుసార్లు చెప్పి పాసయ్యాను. అప్పుడు ఇంటికి ఫోన్ చేసి మొదటిసారి ఫెయిలయిన సంగతి కూడా చెప్పేశాను. నాన్న, "తెలుసమ్మా. ఆ రెండు నెలలూ నువ్వు బాగున్నానని మరీ ఎక్కువసార్లు చెప్పావు" అన్నారు. మనుషుల మాటల వెనక ఏముందో వినడం మా ఇంట్లో నాకంటే ముందే ఒకరికి వచ్చునన్నమాట.

ఆపా చదువు పూర్తి చేసి పెర్త్ వెళ్ళి సొంతంగా మందుల షాపు పెట్టుకుంది. నేను ఎక్కడెక్కడో తిరిగి, చివరికి డార్విన్ వచ్చాను. ఇక్కడి మారుమూల పల్లెల పిల్లల్లో ఆ కీళ్ళజ్వరం, ఆ గుండెజబ్బు ఇంకా ఉన్నాయి. ఏ ఉద్యోగం చేయాలో నేను ఎంచుకున్నానని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ గుడగుడ వెంటే నడుచుకుంటూ వచ్చాననిపిస్తుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత కడపన్న కవాటం మార్చాల్సి వచ్చింది, మార్చారు, బాగున్నాడు. ఇప్పుడు వెర్రిబీ అనే ఊళ్ళో ఉంటున్నాడు. పోయినేడాది వాళ్ళమ్మాయి ఇంజనీరింగ్ పూర్తయిందని పిలిస్తే వెళ్ళాను. పెరటినిండా జనం. ఆయన నెరిసిన జుట్టుతో, ఒక చేత్తో పళ్ళెం, ఇంకో చేత్తో నన్ను పట్టుకొని అందరికీ పరిచయం చేశాడు. "ఈయమ్మ నా డాక్టరు. అప్పటికింకా డాక్టరు కాలేదు, నాతోనే మొదలు" అన్నాడు. వాళ్ళమ్మాయి, "డాడ్, యూ టెల్ ఎవ్రీవన్ ద సేమ్ స్టోరీ" అంటూనే నా భుజం మీద తల ఆనించింది.

ఒకే ఒక్క తేదీ దాటితే చాలని లోకమంతా ఊపిరి బిగబట్టిన ఏడాది అది. ఆ తేదీ చప్పుడు లేకుండా దాటిపోయింది, దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. దాని తర్వాత కడపన్నకు వరసగా, మామూలుగా వచ్చిన ఏళ్ళు మాత్రం ఆ సాయంత్రం వెర్రిబీ పెరట్లో నా ఎదురుగా నిలబడి, పళ్ళేలలో వడ్డించుకుంటూ, గట్టిగా నవ్వుతున్నాయి.