సైరన్ కూస్తే ఆట ఆపాను

మా చిన్నమ్మాయి ఫోన్లో పాత ఆట టిక్కుటిక్కుమంటుంటే ఇల్లెందులో మా చిన్నప్పటి వీడియో గేమ్ కొట్టు గుర్తొచ్చింది. ఎన్నడూ గెలవని అన్న ఒక రోజు ఆటలోని గుహలో రాక్షసుడి దాకా పోయి, నీళ్లు తాగొస్తానని హ్యాండిల్ నా చేతికిచ్చాడు. ఇంకొక్క దెబ్బకు రాక్షసుడు చస్తాడనగా మా నాయన పనిచేసే బొగ్గుబావి సైరన్ కూసింది. నేను చెయ్యి తీసేశాను. మా బొమ్మ మనిషిని రాక్షసుడు మింగేశాడు.

"ఏందే, చెయ్యెందుకు తీసినవ్?" అన్న ఉరికొచ్చాడు.

"షిఫ్టు అయిపోయింది కదన్నా! నాయిన గిట్లనే పని ఆపి పైకొస్తడు."

"అవ్, మరి రాక్షసుడికి గూడ అయిపోయిందా, గాడిదా?"

పాత ఆటలే మేలని ఇప్పటికీ అంటాను. కానీ వాటిని చేసినవాళ్ల ఇళ్లలో బావి పనికి పోయినవాళ్లెవరూ లేనట్టుంది. మనిషిని లోపలికి దింపడమే గానీ, డ్యూటీ దిగి ఇంటికి పోనివ్వరు.