చీకట్లో చెప్పిన పేరు

మొగిలి పుట్టింది కాసిపేట దగ్గరి పల్లెలో. తండ్రితో పాటు పత్తి చేలో కలుపు తీస్తూ పెరిగాడు. ఇరవై దాటీ దాటకముందే బాయిలో కొలువు దొరికింది. బొగ్గుగనిని ఆ పక్క అందరూ బాయి అనే అంటారు. జీతం చేతికి రాగానే తాగుడు కూడా మొదలైంది. నస్పూర్ పిల్ల అనసూర్యను చేసుకున్నాక అది తగ్గకపోగా పెరిగింది. అనసూర్య పుట్టింటివాళ్లు ప్రార్థనకు పోయేవాళ్లు. ఒక ఆదివారం ఆమె మొగుణ్ని బతిమాలి, తిట్టి, చివరికి చెయ్యి పట్టుకుని లాక్కుపోయి గోదావరిఖనిలో తమ క్వార్టర్ల వెనకున్న రేకుల మందిరంలో కూచోబెట్టింది. ఆ తర్వాత ఆయన తాగలేదు. లోపల ఏం జరిగిందని ఎవరడిగినా ఒకటే చెప్పేవాడు: "ఏం లేదు. తాగబుద్ధి కాలే, గంతే."

కొన్నేళ్లకు ఆయన్ని మందిరంలో సంఘపెద్దగా నిలబెట్టారు. పదో తరగతితో చదువు ఆగినా వాక్యం మాత్రం శ్రద్ధగా చదివేవాడు. బాయిలో ఆయన పని పైకప్పు కూలకుండా ఆధారాలు పెట్టడం. ఆ పనిలో జతగాడు పోశం. పోశం కొమురెల్లి మల్లన్న భక్తుడు. ఏటా మల్లన్న పేరున ముగ్గులతో పట్నం వేయించి బోనం చెల్లించేవాడు. అన్నం డబ్బాలు విప్పుకుని కూచున్నప్పుడు మొగిలిని ఆటపట్టించడం పోశంకు సరదా.

"మీ దేవుడు ఆయన చేతుల మేకులే పీక్కోలేకపాయె. మనల్నేం బచాయిస్తడన్నా?"

"పీక్కోలేక కాదురా, వద్దనుకున్నడు" అనేవాడు మొగిలి. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

ఒక ఎండాకాలం, రెండో షిఫ్టులో, వాళ్ల మీద పైకప్పు కూలింది. తప్పు ఎవరిదీ కాదని తర్వాత మొగిలే అందరికీ చెప్పాడు. రాయి ముందుగా చప్పుడు చేస్తుందట, ఆ రోజు చెయ్యలేదట. దుమ్ము అణిగేసరికి ఆయన ఎడమకాలు బండ కింద ఉంది. టోపీ దీపం ఎటు పోయిందో తెలియదు. పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో పోశం. ఛాతీ దాకా కూరుకుపోయి ఉన్నాడు.

పోశం "మల్లన్నా, మల్లన్నా" అని మూలుగుతున్నాడు. మొగిలికి భయం వేసింది. తడుముకుంటూ పోశం చెయ్యి పట్టుకుని అన్నాడు: "యేసయ్యను పిలువురా. ఆయననే దేవుడు. పిలుస్తే వస్తడు."

పోశం ఆ చేతిని బిగించి పట్టుకున్నాడు. తర్వాత, నమ్మి పిలిచాడో, మొగిలన్న మాట కాదనలేక పిలిచాడో, "యేసయ్యా" అన్నాడు. మళ్లీ అన్నాడు. మల్లన్న పేరు ఇక ఎత్తలేదు. గొంతు సన్నబడుతూ వచ్చింది. చాలాసేపటికి అడిగాడు:

"అన్నా, వచ్చిండా?"

"వస్తున్నడు" అన్నాడు మొగిలి.

అంతే, పోశం మళ్లీ మాట్లాడలేదు. రెస్క్యూ వాళ్లు రాళ్లు తొలిచి దారి చేసుకుని వచ్చేసరికి ఆ చెయ్యి చల్లబడిపోయి మొగిలి చేతిలోనే ఉంది.

దవాఖానలో ఆయన కాలు మోకాలి కిందికి తీసేశారు. కంపెనీ ఆయన్ని అన్‌ఫిట్ అని కొలువు నుంచి తీసేసింది. ఇంటికి వచ్చాక మందిరం వాళ్లంతా చూడ్డానికి వచ్చి, ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు కాపాడాడని చెప్పమన్నారు.

"నన్ను కాపాడిండంటే పోశంను వదిలేసిండని గద" అన్నాడు మొగిలి.  అనసూర్య లోపలికి పోయి చాయ్ పెట్టింది.

పోశంతో తానన్న మాట భార్యకు కూడా చెప్పలేదు. కానీ లోపల అది తొలుస్తూనే ఉంది. ప్రాణం పోయే మనిషి నోట్లోంచి ఒక పేరు తీసేసి ఇంకో పేరు పెట్టాడు. ఆ పేరు దేవుడిదేనా? అయితే పిలిచినప్పుడు ఎందుకు రాలేదు? కాకపోతే పోశంను తానెవరి చేతుల్లో పెట్టినట్టు? ఇన్నేళ్లూ పాటల్లో పాడుకున్న సంగతి ఇప్పుడు తేల్చుకోవాల్సిన సంగతైంది. మంచం మీద కూచుని సువార్తలు నాలుగూ మొదటినుంచి మళ్లీ చదివాడు. చదివినకొద్దీ ఎన్నడూ కళ్లకు ఆనని మాటలే కనబడసాగాయి.

మందిరం పాస్టరు పవన్‌కుమార్ కోస్తా నుంచి వచ్చినవాడు. ఇంకా చిన్న వయసు, శ్రద్ధగా చదువుకున్నవాడు. వారానికోసారి మొగిలి ఇంటికి వచ్చి కూచునేవాడు. ఒకరోజు మొగిలి నేరుగానే అడిగేశాడు.

"పాస్టరయ్యా, యేసయ్య దేవుడేనా?"

పవన్‌కుమార్ నవ్వాడు. "అదేం ప్రశ్న మొగిలిగారూ? ఆదిలోనే ఉన్న వాక్కు ఆయన. ఆ వాక్కు దేవుడని యోహాను మొదట్లోనే రాశాడు కదా. శిష్యుడు తోమా తిరిగి లేచిన యేసు గాయాలు చూసి, నా దేవుడా అన్నాడు. యేసు కాదనలేదు."

"తండ్రి నాకన్న పెద్దోడని కూడ యోహానే రాసిండు. ఆఖరి దినం ఎప్పుడో నాక్కూడ తెల్వదని ఆయననే అన్నడు. దేవునికి తెల్వనిది ఉంటదా? ఒకడొచ్చి మంచోడా అని పిలిస్తే, దేవుడొక్కడే మంచోడు, నన్నెందుకు గట్లంటవని మర్లేసిండు."

"అవన్నీ మనిషిగా మాట్లాడినవి. ఆయనలో దైవత్వం ఉంది, మానవత్వమూ ఉంది."

"మరి శిలువ మీద సచ్చింది ఎవలు?"

"మనిషిగా చనిపోయాడు. దేవుడికి చావుండదు కదండీ."

 "గట్లయితే నొప్పంత మనిషిది, మహిమంత దేవునిది. మేం బండ కిందున్నప్పుడు దేవుడు నొప్పి లేని కాడ ఉన్నడు. మరి పోశం పిలిచింది ఎవల్ని?"

మాట జారిపోయింది. పవన్‌కుమార్ ముందుకు వంగాడు. "పోశం పిలిచాడా? యేసునా?"

ఇక దాచలేక మొగిలి అంతా చెప్పాడు. పోశం చివరికి అడిగింది మాత్రం చెప్పలేకపోయాడు. పాస్టరు కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో. మొగిలి రెండు చేతులూ పట్టుకుని, "మీరొక ఆత్మను గెలిచారు, బ్రదర్" అన్నాడు. మొగిలి చేతులు వెనక్కి లాక్కున్నాడు.

ఆ ఆదివారం పవన్‌కుమార్ ఆ సంగతి వేదిక మీద చెప్పాడు. చావు నోట్లో ఉండి కూడా ఒక అన్యుడు ప్రభువును ఒప్పుకున్నాడన్నాడు. అంతా చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఉన్న మొగిలి చంకకర్ర ఆనుకుని లేచాడు.

"ఆపుండ్రి. పోశం పేరు మీద చప్పట్లు కొట్టకుండ్రి. నేను చెప్పిన పేరు దేవునిదో కాదో నాకే తెల్వది."

 పవన్‌కుమార్ నెమ్మదిగానే అడిగాడు, "యేసు దేవుడని మీరు ఒప్పుకుంటారా, ఒప్పుకోరా?"

"ఒప్పుకోబుద్ధయితది. తెలుసని మాత్రం చెప్పలేను."

ఆ రోజు నుంచి ఆయనకు పెద్దరికం పోయింది. యేసు చావును తలుచుకుంటూ అందరూ పంచుకునే ప్రభువు బల్ల రొట్టె కూడా ఇవ్వకూడదని సంఘం తీర్మానించింది. అనసూర్య ఇంటికొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "తాగినప్పుడే నయముండె. ఇంటికొస్తడో రాడోనని భయపడేదాన్ని, గంతే. ఇప్పుడు నువ్వు ఎటు పోతున్నవో సుత తెలుస్తలేదు" అంది.

చప్పట్ల సంగతి కాలనీలో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. పోశం కిరస్తానీ అయి చచ్చిపోయాడని ఎవరో అతని పెండ్లాం ఐలవ్వతో అన్నారు. మర్నాడు పొద్దున ఐలవ్వ వచ్చింది. గడప దాటలేదు.

"మొగిలన్నా, నిజమేనా?"

"నిజమే చెల్లె."

"ఆయన మల్లన్నను తల్సుకోలేదా?"

"తల్సుకున్నడు. ముందు గదే పేరు. నేనే మా దేవుణ్ని పిలువుమన్న."

ఐలవ్వ గొంతు పెంచలేదు. "పుట్టినకాడికెల్లి మొక్కిన దేవుడు. పెండ్లయినంక ఒక్క ఏడు బోనం తప్పలే. సచ్చేటోని నోట్ల పేరు మార్సడానికి నువ్వెవనివి? పోనీ, మీ దేవుడొచ్చిండా?"

"ఆయన కూడ అదే అడిగిండు" అన్నాడు మొగిలి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది ఆమె ముందే బయటపడింది. "వచ్చిండా అని అడిగిండు. వస్తున్నడని చెప్పిన. ఎవ్వలు రాలే చెల్లె. నాకైతే ఎవ్వలు కనబడలే."

 ఐలవ్వ తిట్టనూ లేదు, ఏడ్వనూ లేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

కాలు కోసిన చోట పుండు తిరగబెడితే కట్టు కట్టించుకోవడానికి మొగిలి కన్యస్త్రీలు నడిపే దవాఖానకు పోయేవాడు. అక్కడ కట్లు కట్టే సిస్టర్ సుహాసినికి అరవై దాటాయి. తక్కువ మాట్లాడేది. ఐలవ్వ వచ్చిపోయిన వారం మొగిలి ఆమెను కూడా అడిగాడు. పాస్టరు చెప్పిన లెక్కా చెప్పాడు, దేవుడిది ఒక పాలు, మనిషిది ఒక పాలు అని.

ఆమె గుడ్డ చుట్టడం ఆపింది. "పాళ్లేమీ లేవయ్యా. ఉన్నది ఒక్కడే. ఆకలైందీ ఆయనకే, చచ్చిపోయిందీ ఆయనే. నన్నెందుకు విడిచిపెట్టావని శిలువ మీద అరిచింది మనిషి ఒక్కడే అయితే, ఆ అరుపు మనందరి అరుపుల్లాంటిదే. అరిచింది దేవుడే అయితే, దేవుడు లేని చోటు ఎలా ఉంటుందో దేవుడికే తెలిసిందన్నమాట."

"అదెట్ల సిస్టరమ్మా?"

"ఎట్లాగో నాకూ తెలియదు. పూర్వం కొండల్లో, ఎడారుల్లో ఒంటరిగా ఉండి ప్రార్థించినవాళ్లు ఒక మాట చెప్పారు. దేవుడికి బాగా దగ్గరైనకొద్దీ వెలుతురు రాదట, చీకటి కమ్ముతుందట. తెలిసినవన్నీ ఊడిపోతాయట. ప్రవక్త మోషే కూడా కొండెక్కి దట్టమైన చీకట్లోకే పోయాడు. దేవుడు అందులోనే ఉన్నాడు."

మొగిలి తల అడ్డంగా ఊపాడు. "వాళ్లు కావాలని పోయిండ్రు. మేం పోలే. నేను గా చీకట్ల ఉన్న సిస్టరమ్మా. గక్కడ పోశం ఉండె, నేనుంటి. ఇంకెవ్వలు లేరు."

 సుహాసిని కట్టు ముడి వేసి, చెయ్యి తీయకుండా కాసేపు అక్కడే ఉంచింది. "ఈ మాటలు నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నాను. మీరు అందులో ఉండి వచ్చారు. అందుకే ఒప్పుకోమని మిమ్మల్ని అడగలేను" అంది.

ఆ మాటలు మొగిలికి ఊరట ఇవ్వలేదు. పైగా నిద్ర పోగొట్టాయి. పాస్టరు లెక్కనైతే కాదని తోసేయొచ్చు. సిస్టరు చెప్పిన దేవుణ్ని తోసేద్దామంటే మనసొప్పదు, నమ్ముదామంటే ధైర్యం చాలదు. అనసూర్యతో ఒకసారి అన్నాడు: "శిలువ మీద అరిచింది దేవుడే అయితే పోశం ఒంటిగ సావలే. కాకపోతే వాని పక్కన నేనొక్కన్నే ఉన్న, అబద్ధం చెప్పుకుంట."

అనసూర్య కంచం ముందుకు జరిపింది. "తినరాదు, అన్నం సల్లారుతున్నది" అంది.

వానలు పడ్డాక పవన్‌కుమార్ ఒంటరిగా వచ్చాడు. వేదిక మీద ఆ సంగతి చెప్పి ఉండకూడదని, ఐలవ్వ ఇంటికి పోయి క్షమాపణ అడిగానని, ఆమె తలుపు తీయలేదని చెప్పాడు. మనిషి చిక్కిపోయాడు. కాసేపయ్యాక, "ఒక్క మాట ఒప్పుకోండి మొగిలిగారూ. మళ్లీ రొట్టె ఇస్తాను. అనసూర్యమ్మ కోసమైనా" అన్నాడు.

 "దేవుడని ఒప్పుకుంటే పోశం సంగతి నా మీదికెల్లి దిగిపోతది. గందుకే ఒప్పుకోబుద్ధయితది. నా బరువు దించుకోనీకి దేవుడని ఎట్లనాలె పాస్టరయ్యా? నిజంగ తెలిసిన్నాడు నేనే వచ్చి చెప్త."

పవన్‌కుమార్ తల వంచుకుని ప్రార్థన చేసి వెళ్లాడు. ప్రార్థనలో యేసు నామమున అన్నప్పుడు మొగిలి పెదాలు కదిలాయి. ఆమెన్ మాత్రం అనలేదు.

కొలువు పోయినవాళ్లు క్వార్టరు ఖాళీ చేయాల్సిందే. చలికాలం రాకముందే వాళ్లు నస్పూర్‌లో అనసూర్య అన్న ఇంటి పక్క గదికి మారారు. సామాను ఆటో ట్రాలీలో ఎక్కిస్తుంటే మొగిలి కర్ర మీద నడుచుకుంటూ ఐలవ్వ గుమ్మం దాకా పోయాడు. ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆయన్ని చూసి చేట దించింది.

"పోతున్నం చెల్లె" అన్నాడు.

ఐలవ్వ లేచి లోపలికి పోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. మొగిలి కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి, ట్రాలీలో బియ్యం బస్తాకు ఆనుకుని కూచున్నాడు. గోదావరి బ్రిడ్జి దాటుతుంటే అనసూర్య అందరిలాగే నదికి దండం పెట్టబోయి, ప్రార్థనకు పోయేదాన్నని ఎప్పటిలాగే ఆగిపోయి, మొగుడి వైపు చూసింది. ఆయన మొహం నీళ్ల వైపు ఉంది. కళ్లు ప్రార్థనలో మూసి ఉన్నాయో తెరిచి ఉన్నాయో గాలికి ఎగిరే తువాల అడ్డమొచ్చి ఆమెకు కనబడలేదు.